7 లక్షల చుక్కలు, 945 చెట్లు

పోయిన ఏడాది బోనాలకి మా అక్కావాళ్ళ ఇంటికి వెళ్తే నాకో పని అప్పజెప్పారు. మా మేనకోడలు బీటెక్ పూర్తి చేసింది. క్యాంపస్ లో ఉద్యోగం కూడా వచ్చింది. ఇప్పుడు అదంతా వదిలేసి సెంట్రల్ యూనివర్సిటీలో భాషాశాస్త్రం ఎమ్మే, వీలైతే ఆ తర్వాత పీహెచ్‌డీ చేస్తానంటోంది. "నువ్వన్న చెప్పు తమ్మీ, అది నీ మాటే ఇంటది" అని మా అక్క. ఇంట్లో సాఫ్టువేరు మామయ్యని నేనే కాబట్టి ఇలాంటి కేసులన్నీ నా దగ్గరికే వస్తాయి.

నేనూ గొప్పవాడినేం కాదు, మొదలు పెట్టడమే "పరిశోధన చెయ్యాలనుంటే ఏదైనా పనికొచ్చేది చెయ్యొచ్చు కదమ్మా" అని మొదలుపెట్టాను.

"పరిశోధన అంటే నీకేం గుర్తొస్తది మామయ్యా?" అంది.

తెల్లకోటు, గాజు గొట్టం అన్నాను. కొంచెం ఆలోచించి కంప్యూటర్ కూడా కలిపాను.

"నువ్వు రోజూ నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో పోతవు గద. దారిల ఏమేమున్నయో చూసినవా?"

చూశానమ్మా, హోర్డింగులు. అంతకుమించి ఏం చూశానో ఆలోచిస్తే నాకే సిగ్గేసింది. ఎన్.జి.ఆర్.ఐ. అని ఏకంగా స్టేషనే ఉంది. 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అది. ఆ తర్వాత హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ, ఉస్మానియా. ఇంకా ముందుకు పోతే బేగంపేట. చివర్లో మా గచ్చిబౌలి వైపు ట్రిపుల్ ఐటీ, సెంట్రల్ యూనివర్సిటీ. ఏళ్ళ తరబడి వీటి మధ్యలోంచి చెవుల్లో ఇయర్ ఫోన్లు పెట్టుకుని వెళ్ళిపోతున్నానన్నమాట. ఆ పిల్లతో వాదించడానికైనా నాలుగు విషయాలు తెలియాలి కదా అని చదవడం మొదలుపెట్టాను. ఇది ఆ చదువు కథ.

ముందు బేగంపేట. ఇక్కడ అందరికీ తెలిసిన పేరు రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసినాయన. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన దోమకొక అణా చొప్పున ఇచ్చాడని చెప్తారు. రాస్ కి నోబెల్ వచ్చింది, హుసేన్ ఖాన్ కి అణాలు వచ్చాయి. సరే, ఈ కథ బడిపిల్లలకి కూడా తెలుసు.

నన్ను కట్టిపడేసింది అదే బేగంపేటలోని ఇంకో కథ, నిజామియా అబ్జర్వేటరీది. జఫర్ జంగ్ అనే నవాబుగారికి ఆకాశం పిచ్చి. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని తెప్పించి 1901లో ఫిసల్‌బండలో సొంతంగా వేధశాల పెట్టుకున్నాడు. ఆయన 1907లో పోయాక నిజాం సర్కారు దాన్ని తీసుకుని, బేగంపేటకి మార్చింది. సరిగ్గా ఆ రోజుల్లో ప్రపంచంలో ఒక మహా ప్రాజెక్టు నడుస్తోంది. ఆకాశం మొత్తాన్నీ ఫోటోలు తీసి, ఒక్కొక్క నక్షత్రం ఎక్కడుందో కొలిచి అచ్చు వెయ్యాలని 1887లో పారిస్ లో నిర్ణయించారు. ఇరవై దాకా వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా కోసి పంచుకున్నాయి. చిలీ దేశంలోని శాంటియాగో వాళ్ళు తమ వాటా చెయ్యలేక చేతులెత్తేశారు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న ఆ పట్టీని మన హైదరాబాదు తీసుకుంది.

1914లో పొకాక్ అనే డైరెక్టరు పని మొదలుపెట్టించాడు. 1918లో ఆయన చనిపోతే టి.పి. భాస్కరన్ అందుకున్నారు. తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ వాళ్ళు పూర్తి చెయ్యలేని ఉత్తరాది పట్టీలో కొంత భాగాన్ని కూడా ఇక్కడే చేశారు. ఇది ఎలాంటి పనో ఊహించండి. రాత్రి గాజు పలకల మీద ఫోటో తియ్యాలి. పగలు ఆ పలకని సూక్ష్మదర్శిని కింద పెట్టి, ప్రతి చుక్కకీ అడ్డం ఎంత, నిలువు ఎంత అని కొలిచి రాసుకోవాలి. మా భాషలో చెప్పాలంటే డేటా ఎంట్రీ. అలా ముప్ఫై ఏళ్ళ పాటు 7 లక్షల 60 వేలకి పైగా నక్షత్రాలు! 12 సంపుటాలు! ఈ పని చేసిన గుమాస్తాల పేర్లు నాకెక్కడా కనిపించలేదు.

ఇంకా బాధాకరమైన సంగతేంటంటే, వీళ్ళు కొలుస్తూ కూర్చున్న ఆ కాలంలోనే ఖగోళశాస్త్రం వేరే దారి పట్టింది. నక్షత్రం ఎక్కడుంది అని కాకుండా అది దేంతో తయారైంది, ఎలా మండుతోంది అని అడగడం మొదలైంది. అమెరికా వాళ్ళు పెద్ద దూరదర్శినులతో ఆ పనిలో దూసుకెళ్ళిపోయారు. ఈ ఆకాశపటం పనిలో ఇరుక్కున్న వేధశాలలు వెనకబడ్డాయని, అదంతా వృథా ప్రయాస అని చాలాకాలం చెప్పుకున్నారు. మా ఆఫీసులో అయితే మూడో క్వార్టర్ లోనే ప్రాజెక్టు మూసేసేవాళ్ళు.

1989లో యూరప్ వాళ్ళు హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపారు. నక్షత్రాల స్థానాలు కొలవడమే దాని పని. చాలా ఖచ్చితంగా కొలిచింది, కానీ నాలుగేళ్ళయినా నిండకుండానే దాని పని ముగిసింది. నక్షత్రాలు కదులుతాయి, అయితే ఆ కదలిక ఎంత చిన్నదంటే నాలుగేళ్ళ తేడాలో సరిగ్గా తేలదు. ఒకే నక్షత్రం ఇప్పుడెక్కడుంది, ఎనభై తొంభై ఏళ్ళ కిందట ఎక్కడుంది అని తెలిస్తే అప్పుడు లెక్క తేలుతుంది. మరి ఆ పాత లెక్క ఎవరి దగ్గరుంది? ఇంకెవరి దగ్గర... వృథా అనుకున్న ఆ పాత పుస్తకాల్లోనే. హైదరాబాదు సంపుటాలతో సహా అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, కొత్త లెక్కకి సరిచేసి, 46 లక్షల నక్షత్రాల పట్టిక తయారుచేశారు. దాన్నీ ఉపగ్రహం కొలతల్నీ కలిపి 2000లో టైకో-2 అని 25 లక్షల నక్షత్రాల కదలికల పట్టిక వెలువరించారు. బేగంపేట గుమాస్తా 1920ల్లో కొలిచిన చుక్క అంతరిక్షంలోంచి వచ్చిన కొలతకి జంట అయింది. పాత లాగ్ ఫైళ్ళు పారెయ్యకూడదని మాకు ట్రైనింగ్ లో చెప్తారు గానీ, ఈ స్థాయిలో ఎప్పుడూ అనుకోలేదు.

అన్నట్టు, ఆకాశం మీద పని ఒక్క వేధశాలలోనే జరగలేదు ఈ ఊళ్ళో. 1888లో మొదలైన దాయిరతుల్ మారిఫ్ అని ఒక సంస్థ ఉంది, ఉస్మానియా ఆవరణలో. అరబ్బీ రాతప్రతులు వెదికి, పోల్చి, అచ్చు వెయ్యడం దాని పని. అల్ బెరూనీ 11వ శతాబ్దంలో రాసిన ఖగోళ గ్రంథం 'అల్ ఖానూన్ అల్ మసూదీ'ని మూడు సంపుటాలుగా 1954-56ల్లో హైదరాబాదు నుంచి వీళ్ళే తెచ్చారు. రాతప్రతికీ రాతప్రతికీ మధ్య ఒక అంకె తేడా వస్తే ఏది సరైనదో తేల్చాలి. ఇది అరబ్బీ పండితుడి పనా, ఖగోళ శాస్త్రవేత్త పనా? నాకైతే గీత ఎక్కడ గియ్యాలో తెలియలేదు.

ఇక మా మేనకోడలి అసలు వాదన దగ్గరికి వస్తాను. ఆమె హీరో భద్రిరాజు కృష్ణమూర్తి. 1928లో ఒంగోలులో పుట్టారు, 2012లో హైదరాబాదులో పోయారు. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖని నిలబెట్టిన మనిషి, 1986 నుంచి 1993 దాకా సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్స్‌లర్. ఆయన సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది, వ్యవసాయం మీద. తర్వాత 1971లో చేనేత మీద. ఊరూరికీ మనుషుల్ని పంపి, రైతుల్ని కూర్చోబెట్టి, నాగలిలో ఈ భాగాన్ని మీరేమంటారు, కుప్ప నూర్చేటప్పుడు దీన్నేమంటారు అని అడిగి రాసుకున్నారు. పుస్తకాల్లోంచి కాదు, నోళ్ళలోంచి. అలా వచ్చిన మాటల్ని పటం మీద పెడితే తెలుగు నేల నాలుగు మండలాలుగా విడిపోయింది: శ్రీకాకుళం, విశాఖ వైపు ఒకటి, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలు ఒకటి, రాయలసీమ, నెల్లూరు వైపు ఒకటి, తెలంగాణ ఒకటి.

ఇందులో నాకు సొంత గొడవ ఉంది. మాది నల్గొండ జిల్లా. నేను ఇంజనీరింగు కోస్తాలో చదివాను. మొదటివారంలోనే నా మాట విని క్లాసంతా నవ్వింది, లెక్చరరుతో సహా. నెల తిరిగేసరికి 'ఒస్తున్న' అనడం మానేసి 'వస్తున్నాను' అనడం నేర్చుకున్నాను. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ తెలుగు అలా నేర్చుకున్నదే. మా నాయిన మాట నాకు సినిమాల్లో రౌడీ నోటా, జోకరు నోటా వినిపించేది. అలాంటిది, నేను పుట్టకముందే ఎవరో పండితులు మా వైపు రైతు మాటనీ గుంటూరు రైతు మాటనీ ఒకే పేజీలో, ఒకే అక్షరాల సైజులో, ఇది తప్పు ఇది ఒప్పు అనకుండా పక్కపక్కన అచ్చేశారని యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నప్పుడు తెలిసింది. ఆ వయసులో ఆ పుస్తకం ఎవరైనా చేతిలో పెట్టి ఉంటే అని అనిపించింది... పోన్లెండి.

కృష్ణమూర్తిగారి ఇంకో పని మాత్రం నాలోని ప్రోగ్రామరుని లేపి కూర్చోబెట్టింది. తమిళంలో ఉరల్, మనకి రోలు. వాళ్ళకి ఇరండు, మనకి రెండు. వాళ్ళకి మరం, మనకి మ్రాను. చూశారా, మాట మధ్యలో ఉండాల్సిన హల్లు ముందుకు దూకేసింది. ఈ దూకుడు తెలుగులోనూ, దానికి దగ్గర చుట్టాలైన గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషల్లోనూ కనిపిస్తుంది. కానీ అన్ని మాటల్లోనూ ఒకేసారి జరగలేదు. కొన్ని మాటలు మారాయి, కొన్ని ఇంకా మారలేదు. ఏ భాషలో ఏ మాట మారకుండా మిగిలిందో చూస్తే, ఏ భాష ఏ భాషతో ఎంతకాలం కలిసి ఉందో చెప్పొచ్చని ఆయన ఆలోచన. తెలుగుని పక్కనపెట్టి మిగతా ఆరు భాషల్ని కొమ్మకి రెండు చీలికల చొప్పున వంశవృక్షంగా పేర్చాలంటే 945 రకాలుగా పేర్చొచ్చు. (కావాలంటే 9, 7, 5, 3 గుణించి చూసుకోండి.) స్టాన్‌ఫర్డ్ గణాంక శాస్త్రవేత్త లింకన్ మోజెస్ తోనూ, డగ్లస్ డాన్‌ఫర్త్ తోనూ కలిసి ఆ 945 చెట్లనీ లెక్కలోకి తీసుకుని, ఏ చెట్టయితే అతి తక్కువ మార్పులతో ఈ మాటల్ని వివరిస్తుందో తేల్చారు. పాతపద్ధతిలో పండితులు అనుకున్న చెట్టుకే లెక్క కూడా ఓటేసింది. 1983లో అమెరికా భాషాశాస్త్ర సంఘం పత్రికలో వచ్చింది ఈ వ్యాసం. ఇది సైన్సా, ఆర్ట్సా? కొండల్లోకి పోయి మాటలు ఏరుకొచ్చినవాడు లేకపోతే లెక్క లేదు. లెక్క లేకపోతే 945లో ఏదో చెప్పే దారి లేదు. తర్వాత 2018లో వేరే బృందం 20 ద్రావిడ భాషల మాటల్ని తీసుకుని జీవశాస్త్రం వాళ్ళ పద్ధతులతోనే లెక్కగట్టి, ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్ళని చెప్పింది.

గోండి అనగానే ఇంకో దారిలోకి పోవాలి. హైమన్‌డార్ఫ్ అని ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు, అంటే శత్రుదేశస్థుడు. హైదరాబాదు రాజ్యం దాటకూడదన్నారు. ఆయన నల్లమల వెళ్ళి చెంచుల మధ్య కూర్చున్నాడు, 1943లో పుస్తకం రాశాడు. 1940లో జోడేఘాట్ లో కొమురం భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకుని రమ్మని నిజాం సర్కారు ఆయన్నే పంపింది. అడవి చట్టాల వల్ల, వడ్డీ వ్యాపారుల వల్ల భూములు పోతున్నాయని ఆయన రాసిన నివేదికల ఫలితంగా కొంతమందికి పట్టాలొచ్చాయి, మార్లవాయిలో గోండి భాషలో బడి మొదలైంది. అంటే ఒక మానవశాస్త్ర అధ్యయనం పట్టా కాగితమైంది. ఆయన భార్య బెట్టీ సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉంది.

అదే ఆదిలాబాదులో గుంజాల అనే ఊళ్ళో గోండులకి సొంతలిపి ఉన్న రాతప్రతులున్నాయని ఈ శతాబ్దంలోనే బయటి ప్రపంచానికి తెలిసింది. చదవగలిగిన ముసలివాళ్ళు కొద్దిమందే మిగిలారు. సెంట్రల్ యూనివర్సిటీ తరఫున జయధీర్ తిరుమలరావుగారి బృందం పూనుకుని ఆ రాతల్ని చదివించింది, ఆ ఊరి పిల్లలకి మళ్ళీ నేర్పించింది. 2018 జూన్ లో వచ్చిన యూనికోడ్ 11లో గుంజాల గోండి చేరింది. మేము రోజూ వాడే ప్రమాణమే! మా టీములో నాతోపాటు పదేళ్ళుగా యూనికోడ్ తో కుస్తీ పడేవాళ్ళున్నారు, ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. ఆ మాటకొస్తే ట్రిపుల్ ఐటీ 1998లో మొదలైనప్పటి నుంచి అక్కడ యంత్రానువాదం మీద పనిచేసినవాళ్ళు పాణిని కారకాల సిద్ధాంతాన్ని ఆధారం చేసుకున్నారని కూడా నాకు ఇప్పుడే తెలిసింది. సైబర్ టవర్స్ తెరిచింది కూడా ఆ ఏడాదే. మేమంతా దీన్ని చూసుకుని మురిసిపోయాం, పక్కవీధిలో పాణినిని చూడలేదు.

ఇదంతా మా అక్కకి చెప్తే "మంచిగనే ఉన్నది, మరి దీంతోని మనుషులకేం ఒరుగుతది?" అంది. న్యాయమైన ప్రశ్నే. మా మేనత్త కాళ్ళు మోకాళ్ళ దగ్గర లోపలికి వంగిపోయి ఉండేవి. ఊళ్ళో నీళ్ళలో ఫ్లోరైడు. మా చిన్నప్పుడు అది ఏదో శాపం అనుకునేవాళ్ళు. తార్నాక పోషకాహార సంస్థవాళ్ళు మా జిల్లాలో తిరిగి, ఈ మోకాళ్ళ వంకర గురించి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. అక్కడితో ఆగకుండా ఆ ఊళ్ళ వరి, జొన్న, సజ్జ గింజల్లో రాగి ఎంత, జింక్ ఎంత, మాలిబ్డినం ఎంత అని కొలిచారు. నీళ్ళ జబ్బుకి గింజల్ని ఎందుకు కొలిచారు? అదే నీళ్ళు తాగే రెండు ఊళ్ళలో జబ్బు ఒకేలా ఎందుకు లేదు అని అడిగినందుకు. ఇలాంటి ప్రశ్న రావాలంటే ఆ ఊళ్ళో ఎవరేం తింటారో తెలియాలి.

సీసీఎంబీ సంగతి కూడా అంతే. లాల్జీ సింగ్, తంగరాజ్ అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 25 సమూహాల డీఎన్‌ఏ పరిశీలించి 2009లో నేచర్ లో వ్యాసం రాశారు. మన ఆంధ్ర వైశ్యులు రెండు మూడు వేల ఏళ్ళుగా ఎక్కువగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చారని అందులో తేలింది. ఇది చరిత్రకారుడికి పనికొచ్చే సంగతి. అదే సంగతి మత్తుమందు డాక్టరుకి కూడా పనికొస్తుంది. ఎందుకంటే ఆపరేషన్ లో కండరాలు సడలడానికిచ్చే ఒక మందుని విరగ్గొట్టే ఎంజైము ఈ సమూహంలో కొందరికి లోపిస్తుంది, మందు ప్రభావం చాలాసేపు దిగదు. ఒకే రక్తపుచుక్కలో పెళ్ళిళ్ళ చరిత్ర, ఆపరేషన్ థియేటర్ జాగ్రత్తా రెండూ!

మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే సెంట్రల్ యూనివర్సిటీ వైపు రాళ్ళు కనిపిస్తాయి. 1974లో పెట్టిన యూనివర్సిటీ అది, అప్పట్లో ఇచ్చింది రెండు వేల ఎకరాల పైమాటే. ఆ ఆవరణలోనే ఇనుపయుగపు పెద్దరాళ్ళ సమాధులు బయటపడ్డాయి. అక్కడి చరిత్ర ఆచార్యుడు కె.పి. రావుగారే నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్ళ మీద కూడా ఏళ్ళతరబడి పనిచేశారు. ఒక బండమీది గుంటలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని చూపించారు. 2025 మార్చిలో ముడుమాల యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. అదే నెల చివర్లో గచ్చిబౌలి కంచలో 400 ఎకరాల మీదికి యంత్రాలు దిగాయి, ఐటీ పార్కు కోసమని. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. ఆ వారం మా కేంటీన్ లో "అడవేంటి, ఉత్త రాళ్ళూ పొదలే కదా" అన్నవాళ్ళున్నారు. అంతకుముందు ఏడాదైతే నేనూ అనేవాడినే.

మా మేనకోడలు ఎమ్మేలో చేరింది. నేను మా అక్కని ఒప్పించానని చెప్పుకోను, ఆవిడింకా పూర్తిగా ఒప్పుకోలేదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆ పిల్ల మా నాయినకి ఫోన్ చేసి, నాగలి భాగాల పేర్లు చెప్పు తాతా అని అడిగింది. ఎనభై దాటిన మనిషి, మామూలుగా ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు. ఆరోజు గంటసేపు చెప్పాడు. మేడి, నొగ, కర్రు, కాడి... ఎడ్ల మెడ కాడిలోంచి జారిపోకుండా దూర్చే పుల్లల పేరు దగ్గర ఆగిపోయాడు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు, చిన్నబుచ్చుకుని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్న అయిదింటికి నాకు ఫోన్. ఏమైందోనని కంగారుగా ఎత్తాను.

"సిలుకలురా. సిలుకలు అంటరు. పిల్లకి చెప్పు, రాసుకోమను."